కుర్చీ కొనేముందు ఒక మాట

(మన పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసలో కూర్చున్న మా మాస్టార్లకు పాదాభివందనాలు. లెక్కల మాస్టారు ఇప్పటికీ నన్ను "ఏమ్మా, ఎక్కాలు వచ్చాయా?" అన్నట్టే చూస్తున్నారు. వచ్చాయండీ. ఇవాళ నేను చెప్పబోయేది కూడా చాలావరకు లెక్కలే.

నాది 1977 పదో తరగతి బ్యాచ్. ఈ బడి నుంచి వెళ్ళి పంటి డాక్టరునయ్యాను. ఆ రోజుల్లో ఆ మాట చెబితే మన ఊళ్ళో వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న "అసలు డాక్టరు సీటు రాలేదా అమ్మా?" అని. రెండో ప్రశ్న మా నాన్నగారిని అడిగారు, "పళ్ళు పీకే పిల్లకి సంబంధాలొస్తాయా?" అని. సంబంధమైతే వచ్చింది. తీరా పీజీలో నేను తీసుకున్నది పళ్ళు పీకే సబ్జెక్టు కూడా కాదు. ప్రజారోగ్య దంతవైద్యం అంటారు దాన్ని. ఒక్కొక్క పన్ను కాదు, ఊరి నోరు మొత్తం చూసే చదువు. ఎంతమందికి ఏ జబ్బుంది, చూడడానికి ఎవరున్నారు, ఇంకా ఎంతమంది కావాలి, వాళ్ళకి ఏం నేర్పాలి, జీతం ఎవరివ్వాలి, ఇవీ అందులో పాఠాలు. ముప్ఫై ఏళ్ళు అవే చెప్పి రిటైరయ్యాను.

కమిటీ తమ్ముళ్ళు రెండు నెలల కిందట ఫోన్ చేశారు. స్వర్ణోత్సవ నిధితో బడి ఆవరణలో ఒక దంతవైద్య గది కట్టి, అందులో డెంటల్ చెయిర్ పెట్టి, ఏడాదికోసారి మెగా క్యాంపు జరిపిద్దామనుకుంటున్నారట. "మన బళ్ళో చదివిన పంటి డాక్టరు మీరొక్కరే అక్కా, శంకుస్థాపన మీ చేతే" అన్నారు. సంతోషంగా సరేనన్నాను. తరవాత నాలుగు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే శంకుస్థాపన సంగతి పక్కన పెట్టి, మనసులో ఉన్నది చెప్పేసి వెళదామని వచ్చాను. నచ్చకపోతే భోజనాల దగ్గర తిట్టండి, పడతాను.

మా ఈడు వాళ్ళకి నీళ్ళ మామ్మ గుర్తుండే ఉంటుంది. వరండా చివర, ఇప్పుడు మోటారు బిగించిన చోట, నాలుగు కుండలుండేవి. పొద్దున్నే బావి నుంచి తోడి నింపేది. ఇంటర్వెల్ గంట కొడితే వరసలో నిలబడి దోసిలి పట్టేవాళ్ళం, ముంతతో పోసేది. పని లేనప్పుడు స్తంభానికి జారబడి చుట్ట కాల్చేది. అందరూ కాల్చినట్టు కాదు. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసి పీల్చేది. అడ్డపొగ. మన జిల్లాలో పుట్టినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు గాని, పై ఊళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళూ అల్లుళ్ళూ ఉన్నారు కదా, వాళ్ళ కోసం చెబుతున్నాను. చిన్నపిల్లలం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళం. "నోరు కాలదా మామ్మా?" అని అడిగితే, "గాలికి ఆరదు గుంటా, బూడిద కుండల్లో రాలదు" అనేది. ఆవిడ చెప్పిన కారణం రెండు ముక్కలూ నిజమే. పొలంలో, సముద్రపు గాలిలో పనిచేసే ఆడవాళ్ళు, చంకలో పసిపిల్లలున్న తల్లులు అదే చెప్పేవారు. వాళ్ళ అమ్మల దగ్గర చూసి నేర్చుకున్న అలవాటు.

నేను ఇంటర్మీడియెట్ రెండో ఏడు సెలవులకి వచ్చినప్పుడు మామ్మ బడికి రావడం మానేసింది. ఇంటికి వెళ్ళి చూశాను. గొంతు ముక్కులోంచి వస్తోంది, ఒక్క మాటా అర్థం కాలేదు. కోడలు గ్లాసుతో నీళ్ళిస్తే, తాగినవి ముక్కులోంచి కారిపోయాయి. అంగిలికి చిల్లు పడింది. ఊరందరి పిల్లలకీ నీళ్ళు పోసిన మనిషి. ఆ వేసవి దాటలేదు.

సైన్సు మాస్టారు మాకు దంత సూత్రం బట్టీ పట్టించారు. రెండు, ఒకటి, రెండు, మూడు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాం. ఆ సూత్రం వల్లించిన మేం అరవై మందిమీ ఆ కుండల దగ్గర నిలబడ్డవాళ్ళమే, మామ్మ నోరు ఎవరమూ చూడలేదు. పిల్లలం, మా సంగతి సరే. సూదిమందు వెయ్యడానికి నర్సమ్మ వచ్చేది, ఆ స్తంభం పక్కనే బల్ల వేసుకుని కూర్చునేది, మామ్మ పోసిన నీళ్ళే తాగేది. ఆవిడకీ నోరు చూడమని ఎవరూ చెప్పలేదు. ఆవిడ తప్పు కాదు. ఆవిడ రిజిస్టర్లో నోటికి గడి లేదు.

తరవాత పీజీ చదివేటప్పుడు లైబ్రరీలో కూర్చుని పాత వైద్య పత్రికలు తిరగేస్తుంటే ఒక వ్యాసం కనబడింది. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చయింది. డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి మెహతా, గుప్తా మొదలైనవాళ్ళు మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో తిరిగి 10,169 మంది అంగిళ్ళు చూసి రాసినది. అడ్డపొగ తాగేవాళ్ళు నూటికి నలభై మందికి పైగా తేలారు. ఇంకా వెనక్కి వెళితే, 1957లోనే గోవిందరెడ్డి, రావు అనే వైద్యులు కోస్తా ఆంధ్రలో ఈ అలవాటు వల్ల వచ్చే అంగిలి క్యాన్సర్ గురించి భారతీయ వైద్య పత్రికలో రాసి ఉన్నారు. మామ్మ చనిపోవడానికి ఇరవై ఏళ్ళ ముందు. ఆ రోజు లైబ్రరీలో నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మన జిల్లా పేరు ప్రపంచంలో పంటి డాక్టర్లందరికీ తెలుసు. మామ్మకి వచ్చిన జబ్బు పేరు, కారణం, మొదట ఏ రంగులో కనబడుతుంది, అన్నీ తెలుసు. తెలిసినదాన్ని ఆవిడ గుమ్మం దాకా మోసుకొచ్చే మనిషే లేదు.

ఆ మనిషి ఎవరు కావాలి అన్నదే నా చదువంతా. జవాబు నాకు తిన్నగా దొరకలేదు. చాలా ఏళ్ళు తప్పుగా అనుకున్నాను.

తప్పు సంగతి చెప్పుకోవాలి. తొంభైలలో నేనొక ప్రైవేటు దంత కళాశాలలో పనిచేసేదాన్ని, పేరెందుకు. ఆదివారం ఆదివారం పల్లెల్లో క్యాంపులు పెట్టేవాళ్ళం. సేవ అనే అనుకునేవాళ్ళం, సేవ కాకుండా పోలేదు కూడా. కాని విద్యార్థులకి చెయ్యి తిరగాలంటే పేషెంట్లు కావాలి, తనిఖీ వస్తే ఓపీ లెక్క కనబడాలి, ఆ అవసరం కూడా అందులో ఉంది. ఒక్క పూటలో మూడు వందల మందిని చూసేవాళ్ళం. పిప్పిపళ్ళు పీకేవాళ్ళం, టూత్‌పేస్టు పంచేవాళ్ళం, ఫొటో దిగి సాయంత్రానికి బస్సెక్కేవాళ్ళం.

అలాంటి ఒక క్యాంపులో, మన జిల్లాలోనే, యాభై ఏళ్ళ ఆవిడ వచ్చింది. పన్ను కదులుతోంది, తీసెయ్యమంది. నోరు తెరిస్తే అంగిలి అంతా తెల్లబడి, మధ్యలో ఎర్రగా రూపాయి బిళ్ళంత మచ్చ. దాని అంచు గట్టిగా తగిలింది. "నొప్పి ఉందా?" అంటే "నాకేటి నొప్పి లేదు బాబూ" అంది. ఆడదాన్నయినా నన్ను బాబూ అనే పిలిచింది, మన వైపు అంతే కదా. వెంటనే వైజాగ్ వెళ్ళి ముక్క పరీక్ష చేయించుకోవాలని చెప్పి, చీటీ రాసిచ్చాను. మర్నాటి ఏడు మా క్యాంపు వేరే మండలానికి మారింది. ఆ ఊరికి మళ్ళీ వెళ్ళింది మూడేళ్ళ తరవాత. అప్పటికి ఆవిడ లేదు. కొడుకు వెరావల్‌లో చేపల బోటు మీద ఉన్నాడు. కోడలు రేషన్ కార్డు పెట్టుకునే ట్రంకుపెట్టె తెరిచి నా చీటీ చూపించింది. మడత నలగకుండా దాచారు. "ఏటి రాసున్నాదో మాకు తెలవలేదమ్మా" అంది.

ఇంగ్లీషులో రాశాను. పక్క గదిలో డాక్టరుకి రాసినట్టు.

అది చదివేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఉన్నా, వంద కిలోమీటర్ల పైన ఉన్న పట్నానికి ఆవిడని తీసుకెళ్ళేవాళ్ళు లేరు. వెళ్ళి ఏ గుమ్మం ముందు నిలబడాలో తెలియదు. ముక్క తీస్తే రోగం పాకిపోతుందన్న భయం ఒకటి. ఇన్నింటికీ కలిపి నేనిచ్చింది ఒక కాగితం. అప్పటి నుంచి క్యాంపు అనే మాట వింటే నాకు ఆ ట్రంకుపెట్టె గుర్తొస్తుంది.

ఇప్పుడు లెక్కలకి వస్తాను, మాస్టారూ. మన దేశంలో మొదటి దంత కళాశాల 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ పెట్టారు. ఇవాళ 300 పైచిలుకు కళాశాలలున్నాయి. ఏటా పాతిక వేలకు పైగా బీడీఎస్ సీట్లు. పేర్లు నమోదైన దంతవైద్యులు మూడు లక్షలు దాటారు. 140 కోట్ల జనాభాని దాంతో భాగిస్తే నాలుగైదు వేల మందికి ఒక డాక్టరు వస్తాడు. కాగితం మీద పరవాలేదు. కాని సగటు లోతు మూడడుగులని విని వంశధారలో దిగితే ఏమవుతుందో మన ఊరివాళ్ళకి తెలుసు. వైజాగ్‌లో ఒక వీధిలో అయిదు పళ్ళ బోర్డులు చూశాను. అక్కణ్ణించి కొండ పక్క మండలాలకి వెళితే పన్ను నొప్పికి దిక్కు లవంగమో, మందుల షాపులో ఇచ్చే బిళ్ళో.

పిల్లల్లో సేవాభావం లేక పల్లెలకి పోవడం లేదని అంటారు. నేను ఒప్పుకోను. నా శిష్యుడొకడు సొంతూరి దగ్గర చిన్న టౌనులో క్లినిక్ పెట్టాడు. కుర్చీ, కంప్రెసరు, ఎక్స్‌రే, పరికరాలు మరిగించే యంత్రం, అన్నీ అప్పు. కరెంటు పోతే ఇన్వర్టరు. జనం వచ్చేది నొప్పి పుట్టాకే, పీకమనే. పీకడానికిచ్చే డబ్బుతో అద్దె కూడా తీరదు. రెండేళ్ళకి మూసేసి హైదరాబాదులో మెడికల్ కోడింగ్ ఉద్యోగంలో చేరాడు. వాడొక్కడే కాదు, నా క్లాసుల్లో కూర్చున్నవాళ్ళు చాలామంది ఇవాళ కంప్యూటర్ ముందు అమెరికా పేషెంట్ల బిల్లులకి అంకెలు వేస్తున్నారు. అయిదేళ్ళ చదువు, తండ్రి అమ్మిన పొలం. ఒక పక్క చూసేవాళ్ళు లేని నోళ్ళు, ఇంకో పక్క పని లేని డాక్టర్లు. దీనికి ఇంకో కళాశాల మందు కాదు.

మనుషుల ప్రణాళిక అంటే తలలు లెక్కపెట్టడం కాదండీ. మన బడినే చూడండి. గంట కొట్టడానికి హెడ్మాస్టారు అక్కర్లేదు. హెడ్మాస్టారే కొట్టాలని రూలు పెడితే, ఆయన డీఈవో ఆఫీసుకి వెళ్ళిన రోజున పిల్లలు ఇంటికి పోలేరు. నోటి విషయంలో మనం పెట్టుకున్న రూలు అదే. చూడ్డానికీ డాక్టరే, చెప్పడానికీ డాక్టరే, పూడ్చడానికీ పీకడానికీ డాక్టరే. ఆయన కుర్చీ లేనిదే పనిచెయ్యడు. కుర్చీ కరెంటు లేనిదే పనిచెయ్యదు. ఫ్లోరైడు ఊళ్ళయితే ఇంకా విచిత్రం. దర్శి, పొదిలి ప్రాంతపు ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్యులు రాశారు. నల్గొండ సంగతి అందరికీ తెలిసిందే. అక్కడ పిల్లల పళ్ళు కాపాడే మనిషి పంటి డాక్టరు కాదు, నీళ్ళ ఇంజనీరు. కుళాయిలో మంచి నీళ్ళొస్తే చాలు, మా అవసరమే లేదు.

ఈ రూలు లేని దేశాలున్నాయి. న్యూజిలాండ్‌లో మొదటి ప్రపంచ యుద్ధానికి సైనికుల్ని చేర్చుకుంటుంటే కుర్రాళ్ళ పళ్ళన్నీ పాడై కనిపించాయి. డాక్టర్లు చాలరు. 1921లో వెల్లింగ్టన్‌లో ఆడపిల్లలకి రెండేళ్ళ శిక్షణ మొదలుపెట్టి, బడికొక డెంటల్ నర్సుని పంపారు. పిల్లల పళ్ళు పూడ్చడం, పాలపళ్ళు తియ్యడం, తోముకోవడం నేర్పడం, అంతవరకే వాళ్ళ పని. అక్కడి పిల్లలు ఆ గదికి 'హత్యల ఇల్లు' అని పేరు పెట్టారు, పిల్లలు ఎక్కడైనా పిల్లలే. మలయాలో 1949లో పినాంగ్‌లో అదే పద్ధతి మొదలైంది. శ్రీలంకకీ వెళ్ళింది. మనకి 1948 దంతవైద్యుల చట్టంలో హైజీనిస్టు, మెకానిక్ ఉన్నారు గాని బడికి వెళ్ళి పిల్లల పన్ను పూడ్చే నర్సు లేదు. ఒకసారి వృత్తి సంఘం సమావేశంలో ఈ ప్రస్తావన వస్తే, వద్దని గట్టిగా మాట్లాడినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా పిల్లలకే ఉద్యోగాల్లేవు, ఇంకొకర్ని తెస్తారా అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. అది ఉద్యోగాల వాదన, నోళ్ళ వాదన కాదు.

నర్సుల మాట చట్టాలు చేసేవాళ్ళు చూసుకోవాలి. 2023లో కొత్త దంతవైద్య కమిషన్ చట్టం వచ్చింది, ఏం చేస్తారో చూద్దాం. మన చేతిలో ఉన్నది వేరే ఉంది. క్యాన్సర్ సంగతి.

కేరళలో తిరువనంతపురం జిల్లాలో 1996లో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు, డాక్టర్లు కారు, ఇంటింటికీ వెళ్ళి 35 ఏళ్ళు దాటినవాళ్ళ నోళ్ళు వెలుతురులో చూశారు. అనుమానం ఉన్నవాళ్ళని డాక్టరు దగ్గరికి పంపారు. 2005లో ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ చావులు, ఇలా చూడని చోట్లతో పోలిస్తే 34 శాతం తగ్గాయి. అంతకుముందే మన జిల్లాలో, ఎర్నాకుళంలో, గుజరాత్ భావనగర్‌లో టాటా సంస్థవాళ్ళు ఏళ్ళ తరబడి 36,000 మంది పొగాకు అలవాటున్నవాళ్ళని వెంబడించారు. ఇంటికెళ్ళి నోరు చూడడం, మానమని చెప్పడం, ఏడాదికి మళ్ళీ వెళ్ళి అదే చెప్పడం. మానినవాళ్ళు, తగ్గించినవాళ్ళు పెరిగారు. మచ్చలు తగ్గాయి. యంత్రం లేదు, మందు లేదు. మళ్ళీ వెళ్ళడమే మందు. మా మెగా క్యాంపులో లేనిది అదే.

మన ప్రభుత్వానికి ఇది తెలియదని కాదు. 2016 నుంచి కేంద్రం మార్గదర్శకాలున్నాయి. ముప్ఫై దాటిన ప్రతివారి నోరూ అయిదేళ్ళకోసారి చూడాలని ఉంది. ఆశా కార్యకర్త దగ్గరున్న ఫారంలో నోట్లో మచ్చ ఉందా, పుండు ఉందా, నోరు తెరవడం కష్టంగా ఉందా అన్న ప్రశ్నలున్నాయి. నోరు చూడాల్సింది ఏఎన్ఎం. అంటే 1977లో నర్సమ్మ రిజిస్టర్లో లేని గడి ఇప్పుడు వచ్చింది. కాని ఒక ఊళ్ళో ఆ ఫారాలు తిరగేశాను. అన్నిటిలో "లేదు, లేదు, లేదు". "నోరు తెరిపించి చూశావా తల్లీ?" అంటే ఆ అమ్మాయి నవ్వి, "అడిగాను మేడం, లేదన్నారు" అంది. అంగిలి ఎవరికి వారికి కనబడే చోటు కాదు. నొప్పి ఉండదు. అడిగితే లేదనే అంటారు, నా పేషెంటు అనలేదా? పైగా ఆ అమ్మాయి దగ్గర టార్చి లేదు. ఎర్ర మచ్చ ఎలా ఉంటుందో బొమ్మలో తప్ప చూడలేదు. కనబడితే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియదు. గడి పెట్టారు, చెయ్యి తిప్పించలేదు.

ఇక్కడ ఒక పని చేద్దాం. అందరూ కుడిచేతి మూడు వేళ్ళు, చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ళు, నిలువుగా చేర్చి పెట్టుకుని నోరు తెరవండి. పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య పట్టాలి. మాస్టార్లకి మినహాయింపు. పట్టిందా? వెనక వరసలో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు రెండు వేళ్ళ దగ్గర ఆగిపోయారు. నవ్వుకోకండి. గుట్కా, వక్కపొడి ఏళ్ళ తరబడి నమిలితే బుగ్గ లోపల కండ బిగుసుకుపోతుంది, కారం తగిలితే మంట. అందులో కొందరికి క్యాన్సర్ వస్తుంది. అడ్డపొగ మామ్మలు నా కళ్ళ ముందే తగ్గిపోతున్నారు. వాళ్ళ మనవలు ప్యాకెట్లకి మారారు. విద్యాసంస్థకి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం. మన గేటు నుంచి నేనివాళ అడుగులేసుకుంటూ వచ్చాను. ఎన్ని అడుగులో చెప్పను, కొట్టు మన సంఘ సభ్యుడిదే.

సరే, కుర్చీ. ఒక కుర్చీ, దాని సరంజామా లక్షల్లో అవుతుంది. కొన్నాక దాన్ని నడిపే డాక్టరు వారానికోసారైనా రావాలి. రెండు నెలలు వస్తాడు. కంప్రెసరు పాడైతే బాగుచేసేవాడు వైజాగ్ నుంచి రావాలి. బళ్ళల్లో దానం వచ్చిన ఇలాంటి కుర్చీలు గుడ్డ కప్పుకుని ఉండడం నేను చూశాను, ఒకదాని మీద ప్రశ్నపత్రాల కట్టలు పేర్చారు. దంతవైద్యుడు ఉండాల్సిన చోటు సీహెచ్‌సీ. అక్కడ పోస్టు ఉండాలని ప్రభుత్వ ప్రమాణాల్లోనే ఉంది. ఖాళీ ఉంటే భర్తీ చెయ్యమని అడగడానికి మనలో ఇద్దరు మాజీ ఎంపీపీలున్నారు, లాయర్లున్నారు, వాళ్ళు అడగాలి.

మన నిధి ఇంకోలా ఖర్చు పెడదామని నా మనవి. ఒక పీహెచ్‌సీ కింద ముప్ఫై వేల జనాభా, వెయ్యి మందికొక ఆశా చొప్పున ముప్ఫై మంది ఆశాలు. వెయ్యి మందిలో ముప్ఫై దాటినవాళ్ళు సగం అనుకుంటే ఒక్కొక్కరికి అయిదు వందల నోళ్ళు. రోజుకి రెండు చూసినా సెలవులు పోను ఏడాదిలో అయిపోతాయి. ఏఎన్ఎంలని కూడా కలిపి రెండు రోజుల శిక్షణ నేనూ నా శిష్యులూ ఇస్తాం, మెడికల్ ఆఫీసరు అనుమతి తీసుకునే. మొదటి రోజు బొమ్మలు, రెండో రోజు సంతలో కూర్చుని నిజం నోళ్ళు. టార్చిలు, గ్లవ్స్, నాలుక నొక్కే పుల్లలు మన ఖర్చు. ఆశాల శ్రమకి ఎంతో కొంత మనమే ఇవ్వాలి, ఊరికే చెయ్యమనడం అన్యాయం. వాళ్ళకి ఇప్పటికే పనులెక్కువ, వచ్చేది తక్కువ. కేరళ ప్రయోగం చూపింది ఆడవాళ్ళ గొప్పనో మగవాళ్ళ గొప్పనో కాదు గాని, మన ఊళ్ళో నా అనుభవం ఒకటుంది. అడ్డపొగ తాగే మామ్మ మగ డాక్టరు ముందు పెదవి విప్పదు. ఆశా పిల్ల ముందు విప్పుతుంది, కోడలి వరసో మనవరాలి వరసో అవుతుంది కనక.

మిగతా డబ్బు బస్సు ఛార్జీలకి. ఇది వినడానికి చిన్నగా ఉంటుంది, శిలాఫలకం మీద రాసుకోడానికి బాగుండదు. కాని నా చీటీ ఆగిపోయింది అక్కడే. కేజీహెచ్‌లోనో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో వైద్యం ఉంది. ఆరోగ్యశ్రీ, దానికి ఇప్పుడున్న పేరేదైతే అది, ఆపరేషన్ ఖర్చు భరిస్తుంది. పోయే దారి, తోడు వచ్చే మనిషి, ఆ మనిషి పోగొట్టుకున్న కూలి, ఇంటి దగ్గర మేకలు చూసేవాళ్ళు, వీటికి ఏ కార్డూ లేదు. వైజాగ్‌లో మన బడి వాళ్ళు ఎంతమంది ఉన్నారో సంఘం డైరెక్టరీలో ఉంది. అనుమానం ఉన్న మనిషిని బస్సు దిగగానే కలిసి ఓపీ దాకా నడిపించేవాళ్ళు నలుగురు పేర్లివ్వండి చాలు. నెలకి ఒకరో ఇద్దరో వస్తారు, అంతకన్నా ఉండరు.

ఎంతమంది బతుకుతారు అని కోశాధికారి తమ్ముడు అడిగాడు పొద్దున్న. ముప్ఫై వేల మందిలో ఏడాదికి దొరికేవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉండొచ్చు. మెగా క్యాంపుకి వచ్చే మూడు వందల మంది ఫొటో ముందు ఈ సంఖ్య ఆనదు. నాకు తెలుసు. చెబుతున్నాను.

చివరగా ఇవాళ్టి సంగతి. భోజనాల తరవాత ఎనిమిదో తరగతి బి సెక్షన్ గదిలో కూర్చుంటాను, కిటికీ పక్క బల్ల మీద. వెలుతురు అక్కడే బాగుంటుంది. టార్చి తెచ్చుకున్నాను. మన పీహెచ్‌సీ నుంచి ఇద్దరు ఏఎన్ఎంలు, ఆరుగురు ఆశాలు వచ్చారు, వాళ్ళ చేత చూపిస్తాను, నేను పక్కన ఉంటాను. చుట్ట కాల్చే పెద్దవాళ్ళు ముందు రండి, ఆ మూడు వేళ్ళు పట్టని కుర్రాళ్ళు తరవాత. పళ్ళు పీకడం ఉండదు, ఇంజెక్షన్ ఉండదు, భయపడకండి. కట్టుడు పళ్ళున్నవాళ్ళు తీసి జేబులో పెట్టుకుని రండి. అయిదింటికి నాకు బస్సు ఉంది, కాని గదిలో మనుషులుంటే ఆరున్నర బస్సుకి వెళ్తాను. ఎవరికైనా చీటీ రాయాల్సి వస్తే తెలుగులో రాస్తాను, కింద ఫోన్ నెంబరు వేస్తాను.